కొట్టు మూసేస్తే మా ఫొటోలేం కాను

ఊరికే ఇస్తామనేవాణ్ణి చూస్తే నాకు ముందు భయం వేస్తుంది, తర్వాత కోపం వస్తుంది. తిరుపతిలో చాలా ఏళ్లుగా పెళ్లి ఫొటోలు తీస్తున్నాను. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లే కాబట్టి స్టూడియో పాస్‌పోర్టు ఫొటోల మీద ఈడుస్తోంది. అలాంటి రోజుల్లో పలమనేరు నుంచి ఒక పెళ్లికూతురు ఫోన్ చేసింది. వాళ్ల నాయనకు పాడి ఆవులున్నాయట. పెళ్లి తిరుచానూరులో.

"మీరు తీసిన ఫొటోలు ఇంటర్నెట్‌లో యాడుండాయన్నా? లింకు పంపించండి. మా నాయన సూసి సరేనంటే మీకే" అంది.

ఇంటర్నెట్‌లో ఎక్కడా లేవు. ఆల్బమ్‌లు ఎవరివి వాళ్ల ఇళ్లకు వెళ్లిపోయాయి, మిగిలినవన్నీ కంప్యూటర్లో ఉన్నాయి. ఈ పెళ్లి చేజారితే ఇక షట్టరు దించడమే అని నాకూ తెలుసు, మా ఆవిడకూ తెలుసు. ఇద్దరం స్టూడియో కంప్యూటర్ ముందు కూర్చుని, ఫొటోలు పెట్టుకోవడానికి తక్కువలో చోటు వెతకడం మొదలుపెట్టాం.

మొదట దొరికింది పూర్తిగా ఉచితం. పెట్టి చూస్తే, తాళి కట్టే ఫొటో కింద మోకాళ్ల నొప్పుల నూనె ప్రకటన వచ్చింది. ఇంకొకటి ప్రకటనలు వెయ్యదు కానీ ఫొటోని పిండి పిప్పి చేస్తుంది. పట్టుచీర జరీ అంచు పసుపు నీళ్లలా కనబడింది. మూడోవాడు మొదటి ఏడాది అగ్గువ అన్నాడు, పక్కన చీమంత చుక్క ఒకటి పెట్టాడు. ఆ చుక్క ఏమిటో తెలుసుకోవడానికి పేజీ అడుగుదాకా వెళ్తే, రెండో ఏడాది రేటు అక్కడ నక్కి కూర్చుని ఉంది. నాలుగోవాడి షరతుల్లో, మనం పెట్టే ఫొటోలను వాళ్లు ఎక్కడైనా వాడుకోవచ్చని రాసి ఉంది. నేను లేచి నిలబడ్డాను.

"సూడు, సూడు! మన బిడ్డను మనమే ఎత్తుకోని పోయి వాళ్ల ఒళ్లో ఏసేది!"

"గమ్మున కూసో అప్పా. సదివితేనే కదా తెలిసింది" అంది మా ఆవిడ.

ఫేస్‌బుక్‌లో పెట్టుకోవచ్చు కదా అంటారు. అదీ అయింది. ఒకసారి నేను తీసిన పెళ్లికూతురు మా వీధిలోనే ఇంకో స్టూడియో ఫ్లెక్సీ మీద నవ్వుతూ కనబడింది. అడిగితే అతను, "నేను దొంగనా?" అని, నేనా మాట అనకముందే అరిచాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. ఆ రోజే అక్కడ పెట్టినవన్నీ తీసేశాను.

అందుకే ఏ కంపెనీ దొరికినా నేను అడిగేది ఒకటే: రేపు నువ్వు కొట్టు మూసేస్తే మా ఫొటోలేం కాను? చాలామంది దానికి బదులివ్వలేదు. ఒక చిన్న కంపెనీ మాత్రం, ఎప్పుడు కావాలన్నా మొత్తం ఒకేసారి వెనక్కి దింపుకోవచ్చు, పేజీకి పాస్‌వర్డు కూడా పెట్టుకోవచ్చు అంది. నేను నమ్మలేదు. కొన్ని ఫొటోలు ఎక్కించి, దింపి, అసలుతో పక్కపక్కన పెట్టి చూశాను. సరిపోయాయి. మా ఆవిడ ఫోన్ చేస్తే అవతల నిజంగా మనిషే పలికాడు. చివరికి ఏడాదికి కట్టేశాం. ఉచితం కాదు కాబట్టి కాస్త నమ్మకం కలిగింది.

లింకు పంపాను. పాస్‌వర్డు మాత్రం పంపలేదు. మెసేజ్‌లో పంపితే ఎవరెవరి చేతుల్లో పడుతుందో! ఫోన్ చేసి, నేనే వచ్చి కొట్టి చూపిస్తానన్నాను. పెళ్లికూతురు నాయన ఫోన్ లాక్కున్నాడు.

"తెలీనోళ్ల లింకు నొక్కితే బ్యాంకులో ఉండేదంతా ఊడ్సుకోని పోతారంట. దానికి పాస్‌వర్డు వేరే! నువ్వే రాప్పా ఈడికి. మనిషిని సూడాల."

బస్సెక్కే ముందు, ఎందుకైనా మంచిదని పాస్‌వర్డు మార్పించాను. మా ఆవిడే కొట్టింది. ఎవరికీ తట్టనిది పెట్టమంటే, అలాంటిదే పెట్టి నాకోసారి చెప్పింది. చిత్తూరు దాటి పలమనేరు చేరేసరికి అది నాకూ తట్టకుండా పోయింది.

ఆయన ఇంట్లో కాఫీ ఇచ్చారు. ఆయన నన్ను సంతలో ఎద్దును చూసినట్టు కిందినుంచి పైదాకా చూశాడు. వాళ్ల ఫోన్లో చూపిస్తానంటే ఒప్పుకోలేదు. "టీవీలో ఎయ్యి. మా టీవీలో బ్యాంకు లేదు" అన్నాడు. కూతురు టీవీలో పేజీ తెరిచింది. అది పాస్‌వర్డు అడిగింది. నాకు గుర్తున్నదేదో కొట్టాను, కాదంది. ఇంకొకటి కొట్టాను, అదీ కాదంది. ఆయన చూపు మారిపోయింది. సొంత ఇంటి తలుపు తీయలేనివాణ్ణి ఎవరు మాత్రం నమ్ముతారు? అందరికీ వినబడితే అనుమానం పోతుందని స్పీకర్ పెట్టి మా ఆవిడకు ఫోన్ చేశాను. అదీ ఆయన ఫోన్ నుంచి. నా దాంట్లో ఛార్జింగ్ అయిపోయింది.

"ఏమే, ఆ పాస్‌వర్డు సెప్పు."

"ఎవురు మీరు?"

"నేనే!"

"నేనే అంటే? నంబరు వేరే ఉండాది."

తప్పు ఆమెది కాదు. మోసగాళ్లు మన గొంతు కూడా అచ్చంగా దింపేసి ఫోన్లు చేస్తున్నారట, నేనడిగినా చెప్పొద్దు అని ఆమెకు నూరిపోసింది నేనే. ఎంత బతిమాలినా వినలేదు. చివరికి అంది:

"సరే. మన పెండ్లి ఫొటో ఇంట్లో యాడుండాదో సెప్పు."

హాల్లో అందరూ నా నోటివైపు చూస్తున్నారు.

"యాడా లేదు" అన్నాను. "దానికని కొట్టిన మేకుకు నువ్వు క్యాలెండరు తగిలించినావు."

ఆమె వెంటనే పాస్‌వర్డు ఒక్కో అక్షరం చెప్పింది. టీవీలో పెళ్లిళ్లన్నీ తెరుచుకున్నాయి. తలంబ్రాలు, అప్పగింతలు, భోజనాల బంతిలో నవ్వుతున్న ముసలమ్మలు. ఆ పెద్దాయన వాటిని చూడటం లేదు.

"ఏమైనాయప్పా మీ ఫొటోలు?"

"తీసినాయన ఫిల్ము కడగకముందే కొట్టు మూసేసి ఊరిడిసి పోయినాడన్నా. రీళ్లు గూడా ఆయనకాడనే. శానా వెతికినాము."

అది చెప్తుంటే నాకు ఇన్నేళ్ల తర్వాత కూడా కోపమే వచ్చింది. ఏడుపూ వచ్చింది. ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు.

"నువ్వు మూసేసి పోవు కదా?"

ఇన్నాళ్లూ కంపెనీలను నేనడిగిన మాట అది. పోనన్నాను.

"పెండ్లికి ఆయమ్మను గూడా పిలుచుకోని రా" అన్నాడు ఆయన. "నిన్నింకా నమ్మలేదు. ఆయమ్మను నమ్మినా."

ఇంటికొచ్చి జరిగింది చెప్తే మా ఆవిడ పడీపడీ నవ్వింది. తర్వాత, హాలంతా విన్నారని తెలిసి నవ్వాపింది.

"అంతమందిలోనా అడిగినాను?"

"పోనీలే. వేరే ఏదైనా అడిగుండొచ్చు కదా?"

ఆమె క్యాలెండరు వైపు చూసింది.

"వేరే ఏదడిగినా ఎవుడో ఒకడు కనుక్కోని సెప్పేస్తాడు. ఇదైతే మనిద్దరికే కదా తెలిసేది" అంది.