ముల్లు ఎవరికి ఎక్కువ వంగింది

అశోక్‌నగర్‌లో నా రికార్డింగ్ గది రెండో అంతస్తులో ఉంది. కింద కోచింగ్ సెంటరు, ఎదురుగా జిరాక్స్ దుకాణం. మధ్యాహ్నం మాత్రమే వీధి కాస్త నోరు మూస్తుంది కనుక గాయకులను ఆ వేళకే రమ్మంటాను. మైకు ఎంత ఎత్తున పెట్టానో, ఎవరి గొంతు ఎంత తగ్గించానో ఆ రోజుకారోజు డైరీలో తేదీ వేసి రాసుకోవడం నా అలవాటు.

ఆ మధ్య చిక్కడపల్లి నుంచి ఇద్దరు తోటికోడళ్ళు వచ్చారు. ఒకే ఇంట్లో పై వాటా పెద్దావిడది, కింది వాటా చిన్నావిడది. ఒకే భజన మండలిలో జంటగా పాడతారు. పెద్దావిడది గుడి గంటను ఓడించే గొంతు. చిన్నావిడది సన్నని, సూటి గొంతు. అంతకుముందు నారాయణగూడలో ఒక స్టూడియోకు వెళ్ళి, పాట పూర్తికాకుండానే వేర్వేరు ఆటోల్లో ఇల్లు చేరారట. ఈసారీ అదే జరిగితే ఇక జంటగా పాడేది లేదని ఇద్దరూ విడివిడిగా నాకు ఫోను చేసి మరీ చెప్పారు.

మొదటి పాట వినిపించాను.

"నా గొంతు ఏడ పాయె అన్నా? నేను అసలు రాలేదా ఏంది?" అంది చిన్నావిడ.

ఆమె గొంతు పెంచాను.

"ఇప్పుడు నాది పాయె. జ్వరమొచ్చి లేచినట్టున్నది తమ్మీ," అంటూ పెద్దావిడ సంచి సర్దుకోసాగింది.

ఇక లాభం లేదని ఇద్దరి గొంతులకూ కంప్యూటర్‌లోనే చెరొక కంప్రెసర్ ప్లగిన్ తగిలించి, వారికీ కనిపించేలా తెరను, వారు పాడే గదికీ నాకూ నడుమనున్న అద్దం వైపు తిప్పాను. ఒక్కొక్కటీ తెర మీద పాతకాలపు యంత్రంలా కనిపిస్తుంది: సొట్టలు, రంగు ఊడిన మీటలు, తుప్పు పట్టిన మరలు. ఆ తుప్పు కూడా ఎవరో శ్రద్ధగా గీసిన బొమ్మే. నడుమ పసుపు వెలుగులో ఒక ముల్లు. గొంతు నేను పెట్టిన హద్దు దాటితే ప్లగిన్ దానిని కిందికి అణుస్తుంది. ఎంత అణిచిందో ముల్లు ఎడమకు వాలి చూపిస్తుంది. తగ్గి పాడేవారి జోలికి అది పోదు.

పెద్దావిడ ఒక చరణం ఎత్తుకుంది. ముల్లు వాలింది.

"గా ముల్లు ఏంది తమ్మీ, నేను నోరు తెరవంగనే వంగుతున్నది?"

నేను వివరణ మొదలుపెట్టేలోగా చిన్నావిడ అందుకుంది.

"నీకు దండం పెడుతున్నదక్కా. నేను పాడితే జర కూడా కదలదు, సూడు."

పెద్దావిడ ముఖం వెలిగింది. "పాతకాలం మిషిన్ కదా. దానికి మర్యాద ఎరుక."

సంచి మళ్ళీ కుర్చీ కిందికి వెళ్ళింది. నా వివరణ కూడా దాని వెంటే వెళ్ళింది.

ఆపైన ఆమె ముల్లు కోసమే పాడింది. ఎంత గట్టిగా పాడితే ముల్లు అంత వంగింది. ముల్లు ఎంత వంగితే గొంతు అంత తగ్గింది. చిన్నావిడ ఊపిరి దాచుకుని హాయిగా పాడుకుంటూ పోయింది. ఆమె గొంతు మీద మరొక పాత తరహా ప్లగిన్, ఈక్వలైజర్, పెట్టి పై స్థాయిలో కాస్త మెరుపు అద్దాను. చివరి పల్లవి వచ్చేసరికి రెండు గొంతులూ ఒకే చీరకు రెండు అంచుల్లా సమంగా నిలిచాయి.

పాట మొత్తం వినిపించి, నేను సంచి వైపే చూస్తున్నాను.

"ఇద్దరిదీ సమానమే ఉన్నది," అని పెద్దావిడ తీర్పు చెప్పింది. "కానీ ముల్లు ఎవరికి ఎక్కువ వంగింది?"

"మీకేనండీ. పన్నెండు డెసిబెల్స్."

"రాసుకో మరి."

రాసుకున్నాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

ఆమె ఆటో పిలవడానికి ముందుగా దిగింది. చిన్నావిడ చెప్పులు తొడుక్కుంటూ గొంతు తగ్గించింది.

"గా ముల్లుది దండం కాదు అన్నా, అణుచుడు. నాకెరుకే."

"మరి అలా చెప్పారేమిటండీ?"

"మా ఇంట్ల ఇన్నేండ్ల సంది నేను చేసేది గదే. వంగినట్టు కనవడాలె, పని కావాలె."

"ఏందే ఆ గుసగుసలు? ఆటో ఆగింది!" అని కింది నుంచి పెద్దావిడ కేక వేసింది.

"నీ గొంతు ముచ్చటే అక్కా! ముల్లు ఇంకా లేవలేదంట!"

కిటికీలోంచి చూశాను. ఆటో ఒకటే. చిన్నావిడ తల వంచి, పెద్దావిడను ముందుగా ఎక్కించింది. గాలి తగిలే అంచు సీట్లో తాను కూర్చుంది.