మేక ముట్టని గింజలు

"శెనక్కాయ మాదిరే తియ్యంగ ఉండాదిమ్మా" అంటూ నాలుగేళ్ళ మావాడు గుప్పిట తెరిచాడు. అందులో నల్లటి పెంకులు. వెనకే వాళ్ళక్క కూడా ఏదో నములుతూ మిద్దె దిగి వస్తోంది. అవి శెనక్కాయల పొట్టు కాదు; ఇద్దరిచేతా నోట్లోది ఉమ్మించాను.

ముత్తియాల్‌పేటలోని మా ఇంటి మిద్దె మీద నా భర్త అన్నగారు ఆ వేసవంతా చెట్లకు పరీక్షలు పెడుతున్నారు. బాహూరు వైపు మాకున్న మెట్టలో, నీళ్ళు లేకపోయినా బతికే చెట్లు వేయాలని ఆయన పట్టుదల. విత్తనాలు సంచుల్లో మొలిపించి, కాస్త ఎదిగాక నీళ్ళు ఆపేసేవారు. వాడినవి పారేసి, నిలిచినవాటిని పక్కింటి మేక ముందు పెట్టేవారు. వేపను మేక నున్నగా మేసేసింది. అడవి ఆముదాన్ని వాసన చూసి మూతి తిప్పుకుంది. "కావలి కూడా అక్కర్లేదు!" అని బావగారు మురిసిపోయారు. మేక ఎందుకు తినలేదని మాలో ఎవరమూ అడగలేదు. ఇంకా మొలిపించాలని తెచ్చిన ఆ ఆముదం గింజలే నా వేరుశెనగల చాట పక్కన, మరో చాటలో ఎండుతున్నాయి.

కాసేపటికే ఇద్దరికీ ఆగకుండా వాంతులు. ఆటోలో ఆస్పత్రికి పరుగెత్తాను. సెలైన్ ఎక్కుతుండగా బావగారు వచ్చారు.

"ఏందిమ్మా, పిల్లోళ్ళని ఒంటిగా పైకి వదిలేస్తివా?"

"అది విషమని మీకు తెలుసా బావా?"

"తెలీకుండా ఉంటాదా? అందుకే గదా మేక ముట్టలా."

"మరి మాకు చెప్పలేదే?"

"అడిగుంటే చెప్పుండనా?"

ఆయన వెంట వచ్చిన మా అత్త నా చెయ్యి పట్టుకుంది. "అరవబాక. నలుగురూ చూస్తా ఉండారు."

"చూడనీ అత్తా. మేకకున్న బుద్ధి మనింట్లో ఒక్కరికీ లేదని వాళ్ళకీ తెలీనీ."

గండం గడిచిందని డాక్టరు మర్నాడు సాయంత్రం ఇంటికి పంపారు. వెళ్ళగానే మిద్దె ఎక్కాను. గింజల చాట అక్కడే ఉంది. కాకపోతే మబ్బు పట్టిందని, తడవకుండా బావగారు రేకుల కిందికి జరిపారు. పిల్లలు ఆస్పత్రిలో పడుకుంటే ఆయనకు గింజలు తడుస్తాయన్న దిగులు! మిద్దె తలుపుకు తాళం వేసి కిందికి దిగాను.

పొద్దున పిల్లలిద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను: "మీరేం తప్పు చెయ్యలా. శెనక్కాయలనుకున్నారు, తిన్నారు. తాళంచెవి నాకాడుండాది. పెదనాన్న అడిగితే మీరేం మాట్లాడబాకండి, నన్నొచ్చి అడగమనండి. ఆ గింజలు ఇల్లు దాటిస్తానంటేనే తలుపు తీస్తా."