చిన్నాయన జీపుకు పసుపు లైట్లు

పొద్దున సికింద్రాబాద్‌లో ముంబై వైపు వెళ్ళే బండి ఎక్కేసరికి నా చేతిలో బట్టల సంచి కన్నా బరువైన అట్టపెట్టె ఉంది. అందులో రెండు జతల లైట్లు, వైరు చుట్ట, రిలే, ఫ్యూజు, స్విచ్చి. సోలాపూర్‌లో మా చిన్నాయన పాత జీపుకు వాటిని బిగించడానికే ఈ ప్రయాణం. సెలవు దొరికితే బండి వేసుకుని అడవి దారులు పట్టే అలవాటు నాది. నా బండికి అదనపు లైట్లు నేనే బిగించుకున్నాను. ఆ ఫొటో చూసి ఆయన ఫోన్ చేశాడు.

"నా జీపుకు గూడ గట్లనే పెట్టియ్యి రా. చేన్ల నుంచి మర్లొచ్చేసరికి పొద్దుగూకుతుంది. బాట కనవడ్తలేదు."

చిన్నాయన మరమగ్గాలు బాగుచేసే మిస్త్రీ. పని మానేశాక అక్కల్‌కోట్ రోడ్డు అవతల కొంచెం జొన్నచేను చూసుకుంటున్నాడు. నా చిన్నతనంలో వేసవి సెలవులన్నీ దాజీ పేట్‌లో వాళ్ళింట్లోనే గడిచాయి. సాయంత్రం ఆయన జీపు తీస్తే వీధి పిల్లలందరం ఎక్కేవాళ్ళం. ఎక్కడికని ఎవరం అడిగేవాళ్ళం కాదు.

వికారాబాద్ దాటాక ఎదురు సీట్లోని పెద్దావిడ పలకరించింది. కరీంనగర్ దగ్గర పెళ్ళి చూసుకుని సోలాపూర్ తిరిగి వెళ్తోంది.

"పెట్టెల ఏముంది తమ్మీ?"

"జీపుకు లైట్లక్కా."

"ముంగట రెండు ఉంటయి గద?"

"అవి రోడ్డు కోసం. ఇవి రోడ్డు లేని చోటికి."

"అట్లయితే మా గల్లీకి గూడ తెచ్చేది ఉండె," అని నవ్వి, పెళ్ళివారు కట్టిచ్చిన సకినాలు నా చేతిలో పెట్టింది. తాండూరులో టీ, వాడీలో బండి ఆగినంతసేపు కాళ్ళు చాపుకోవడం, కలబురగి దాటాక ఒక కునుకు. మధ్యాహ్నం రెండు దాటాక సోలాపూర్‌లో దిగాను.

ఆటోను కావాలనే దాజీ పేట్ మీదుగా పోనిమ్మన్నాను. మగ్గాల చప్పుడు ఇంకా ఉంది, కానీ అప్పటిలా ప్రతి గుమ్మం లోంచీ రావడం లేదు. మేమున్న ఇల్లు కూలగొట్టి మేడ కట్టారు. అప్పట్లో చప్పుడు ఆగితేనే మాకు మెలకువ వచ్చేది, కరెంటు పోయిందని తెలిసేది.

ఇప్పుడు వాళ్ళుండే నీలం నగర్‌ ఇంట్లో చిన్నమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. "లవకర్, జల్ది కాళ్లు కడుక్కో, భాకరి సల్లారిపోతది," అంది. భాకరి అంటే జొన్నరొట్టె, దానితో పల్లీల చట్నీ, గుత్తొంకాయ. తింటున్నంతసేపూ చిన్నాయన లైట్లను తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నాడు.

ఆయనకు నచ్చినవి గుండ్రటి తెల్ల లైట్లు. "గివి పెట్టు. పైన, టాపు మీద. దూరం కనవడాలె."

వీటిని బిగించుకోవాలనుకునే వారి కోసం నా అనుభవం చెబుతాను. గుండ్రటివి వెలుగును సన్నగా, దూరంగా విసురుతాయి. వేగంగా పోయే తిన్నటి దారికి అవి మేలు. గుంతలూ చక్రాల గాళ్ళూ ఉన్న రేగడి బాటలో మెల్లగా పోయేవాడికి దగ్గరలో, వెడల్పుగా పరుచుకునే వెలుగు కావాలి. నేను తెచ్చిన రెండో జత, పసుపుది, అలాంటిదే. వానలో, దుమ్ములో తెలుపు కన్నా పసుపు కంటికి హాయి. టాపు మీద పెడితే బానెట్ మెరిసి మన కళ్ళకే కొడుతుంది. అందుకే పసుపు జతను ముందు బంపరు మీద పెట్టాను. కరెంటు హెడ్‌లైటు వైరు నుంచి లాగకుండా బ్యాటరీ నుంచే ఫ్యూజు, రిలే మీదుగా తెచ్చాను. ఎర్తు తగిలించే చోట పెయింటు గీకాను. వైరు ఇనుప రేకులోంచి లోపలికి దూరే కంతకు రబ్బరు వాషరు కావాల్సి వచ్చింది. జోడ్‌భావి పేట్ దుకాణంలో దొరికింది. మామూలు రోడ్డెక్కగానే వీటిని ఆర్పెయ్యాలి, ఎదుటివాడి కళ్ళూ కళ్ళే కదా.

పొద్దు వాలుతుండగా చేను వైపు బయలుదేరాం. చిన్నాయన నడుపుతున్నాడు, పక్కన నేను, వెనక ఆయన కూతురు పద్మ. తువ్వాళ్ళ కార్ఖానాలో పనిచేసే పద్మ, సెలవు రోజుల్లో జీపు కడుగుతుంది, ఆయిలు మారుస్తుంది. స్టీరింగ్ మాత్రం తండ్రి ఎప్పుడూ ఇవ్వలేదు.

రోడ్డు దిగి మట్టిబాట ఎక్కాక స్విచ్చి వేశాను. బాట మొత్తం పసుపుగా విచ్చుకుంది. గట్టు మీది గడ్డిపోచలు కూడా కనబడుతున్నాయి. ముందు కాలువ మీది చిన్న కల్వర్టు, దాని ఎడమ అంచు విరిగి పడిపోయి ఉంది. జీపు నేరుగా అటే పోతోంది.

"చిన్నాయనా, కుడికి," అన్నాను. ఆయన ఇంకా పోనిస్తున్నాడు. "ఆపు, ఆపు."

బ్రేకు వేశాడు. చక్రం అంచుకు జానెడు దూరంలో ఆగింది. కల్వర్టు అంచు విరిగిందని వేలితో చూపించాను.

"ఏడ?" అన్నాడు.

పద్మ దిగి, విరిగిన అంచు మీద నిలబడి చెయ్యి ఊపింది. ఆయన కళ్ళు చిట్లించి చూశాడు.

"లైటు బరోబర్ ఉన్నది," అన్నాడు మెల్లగా. "నాకే కనవడ్తలేదు. ఇన్ని దినాలు జీపునే తిట్టిన." స్టీరింగ్ మీంచి చేతులు తీసి, "నడుస్తున్న మగ్గంల ఒక్క పోగు తెగితే పట్టేటోణ్ని రా," అన్నాడు.

ఆయనే దిగి, చుట్టూ తిరిగి వచ్చి, పద్మకు తాళంచెవి ఇచ్చాడు. "క్లచ్ ఒక్కసారి ఇడ్వకు. ముందుగాల ఎన్కకు తియ్యి."

"నాకెరుకనే బాపూ. చిన్నప్పటి సంది సూస్తున్న."

పద్మ వెనక్కి తీసి, కుడికి మళ్ళించి కల్వర్టు దాటించింది.

మర్నాడు పొద్దున్నే కంటి ఆసుపత్రికి వెళ్ళాం. రెండు కళ్ళలోనూ శుక్లాలు ఉన్నాయని, ఆపరేషన్ చేస్తే చూపు తేరుకుంటుందని డాక్టరు చెప్పింది. ముందు కుడికన్ను. "మోతిబిందట. నేనేమో బల్బులు మారుస్తున్న," అని దారి పొడుగునా చిన్నమ్మతో తన మీద తనే నవ్వుకున్నాడు.

మధ్యాహ్నం నాలుగు దాటాక వచ్చే బండికి పద్మే జీపులో దింపింది. చిన్నాయన ప్లాట్‌ఫారం దాకా వచ్చి, "కన్ను బాగైనంక నేనే నడుపుత," అన్నాడు. పద్మ తాళంచెవిని గుప్పిట్లో పెట్టుకుంది.

కలబురగి దాటాక కిటికీ బయట కందిచేలు మసకబారాయి. చిన్నప్పటి సోలాపూర్ ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్ళానేమో నేను. ఆ ఇల్లు లేదు, ఆ వీధి సగమే ఉంది. కానీ మమ్మల్ని ఊరంతా తిప్పిన మనిషి పక్కన ఒక సాయంత్రం కూర్చోగలిగాను. అది చాలనిపించింది.

తాండూరు వచ్చేసరికి పద్మ ఫోన్ చేసింది. స్టేషన్ నుంచి అటే చేనుకు పోయి, లైట్లు వేసుకుని ఇల్లు చేరారట.

"బాపు ఏమన్నాడు?"

"ఏమనలే అన్నా. కల్వర్టు దాటినంక చూస్తే, పక్క సీట్ల నిద్రవోయిండు."

ఆ జీపులో చిన్నాయన నిద్రపోవడం నేను ఎన్నడూ ఎరగను.