నాడి పట్టే చెయ్యి

నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్‌లో భాగ్యశ్రీ ఎవరని అడిగితే, కాంటా పక్కన కుర్చీలో కదలకుండా కూర్చునే ఆమెనా అంటారు. కదలకుండా! ఒకప్పుడు పదివేల మీటర్ల పరుగులో రాష్ట్రం తరఫున పరుగెత్తిన మనిషికి ఇంతకంటే పెద్ద తిట్టు ఉండదు. వాళ్ళకు మాత్రం ఏం తెలుసు పాపం.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఆమె క్రీడా హాస్టల్లో ఉండేది. కోచ్ బీరప్ప సార్‌ది ఒకటే పట్టు. తెల్లవారి కళ్ళు తెరవగానే, మంచం దిగకముందే నాడి లెక్కపెట్టాలి. అదీ ఎవరిది వాళ్ళు కాదు. "మన నాడి మనం పట్టుకుంటే మనసు అడ్డమొస్తది. తక్కువ రావాలని తక్కువే లెక్కవెడ్తం," అనేవాడు. అందుకని పక్క మంచం మీది కరుణ ఈమె మణికట్టు పట్టుకునేది, ఈమె కరుణది. భాగ్యశ్రీ గుండె నిమిషానికి నలభై రెండుసార్లే కొట్టుకునేది. మామూలు మనిషికి డెబ్బై పైమాటే. పరుగుకు అలవాటుపడిన గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ నెత్తురు తోస్తుంది కాబట్టి, ఊరికే ఉన్నప్పుడు దానికి తొందర ఉండదు. "ఇంకో దెబ్బ వస్తదో రాదో అని నాకే భయమైతదే," అని కరుణ నవ్వేది.

మోకాలు దెబ్బతిని హాస్టల్ వదిలిన రోజు సార్ బస్సు దాకా వచ్చాడు. "కాలు పోతే పోయింది బిడ్డా, గుండె నీదే. దాన్నెవ్వలు గుంజుకోరు," అన్నాడు. ఓదార్పుకు అన్న మాట. ఈ పిచ్చిది దాన్ని పట్టా కాగితంలా దాచుకుంది.

ఆ నెలలోనే మోకాలు చూపించుకోవడానికి దవాఖానకు పోతే, నాడి చూసిన నర్సు బెదిరిపోయి డాక్టరును పిలిచింది. ఆయన మళ్ళీ చూసి, "ఏం పని చేస్తవమ్మా?" అని అడిగాడు. "రన్నర్‌ను సార్," అంది. ఆయన లేచి చెయ్యి కలిపాడు.

ఆ తర్వాత ఆ మాట ఎవరూ అడగలేదు. తల్లి సాలమ్మ పోయింది. కరుణ పెళ్ళయి నారాయణపేట పోయింది, కొన్నాళ్ళు ఫోన్ చేసి మానేసింది. కిరాయి గదిలో భాగ్యశ్రీ ఒక్కతే. పరుగులో గెలిచిన మెడల్ చూపిద్దామన్నా గదికి వచ్చేవాళ్ళుండాలి కదా. తెల్లవారి మెలకువ రాగానే ఆమె చెయ్యి అలవాటుగా పక్కకు సాగేది. సొంత వేళ్ళతో మాత్రం ఏనాడూ లెక్కపెట్టుకోలేదు. సార్ మాట మీద గౌరవం అనుకునేది. అందులో భయం కూడా ఉంది.

మొన్న మార్కెట్‌లో ఆరోగ్య శిబిరం పెట్టారు. భాగ్యశ్రీ ఉతికిన చీర కట్టుకుని అందరికంటే ముందు వెళ్ళింది. నర్సు బెదరాలి, ఏం పని చేస్తవని అడగాలి, తను చెప్పాలి. ఏళ్ళుగా నాలుక మీద పెట్టుకున్న ఆ ఒక్క మాట ఈ రోజు బయటికి రావాలి. నర్సు ఆమె మణికట్టు పట్టుకుని గడియారం చూసింది.

"డెబ్బై ఆరు. మంచిగుంది. పోయిరా అక్కా."

"సరిగ్గ చూడు చెల్లె. నాది తక్కువుంటది."

నర్సు విసుక్కోకుండా మళ్ళీ పట్టుకుంది. ఈసారి నిమిషమంతా. వేళ్ళు వెచ్చగా ఉన్నాయి. వెనక హమాలీలు తొందరపెడుతున్నారు. భాగ్యశ్రీకి ఏడుపు వచ్చింది. ఎందుకొచ్చిందో ఆమెకే తెలియలేదు, లెక్కకా, ఆ వేళ్ళకా.

"గంతే ఉందక్కా. ఏం ఫికర్ చెయ్యకు, అందరి లెక్కనే ఉంది."

భాగ్యశ్రీ సరేనని తలూపింది. నర్సు మణికట్టు వదిలేసి పక్కవాళ్ళ పేరు పిలిచింది. భాగ్యశ్రీ చెయ్యి మాత్రం బల్ల మీద అట్లాగే ఉంది.

"అయిపోయిందక్కా," అంది నర్సు నెమ్మదిగా. "ఇగ చెయ్యి తియ్యి."