తవుడుకు తెచ్చిన బిడ్డ

నాకు ముందు పుట్టిన ఇద్దరు మగపిల్లలూ పురిట్లోనే పోయారట. అందుకని నేను పుట్టగానే చాటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద ఉంచారు. పక్కింటామె ఎత్తుకుంది. మా అమ్మ ఆమెకు చాటెడు తవుడిచ్చి నన్ను కొనుక్కుంది. ఎవరికీ అక్కర్లేని బిడ్డను యముడు కూడా వదిలేస్తాడని తమిళనాడు ధర్మపురిలో స్థిరపడ్డ మా తెలుగువాళ్ల నమ్మకం.

అందరిళ్లలో ఈ తంతు ఒక్కరోజుతో అయిపోతుంది. మా అమ్మ పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. ఎవరైనా "మీ పాపా?" అని అడిగితే, "మాది కాదు, తవుడుకు తెచ్చుకుంటిమి" అనేది. అదీ నా ఎదుటే. నన్ను దగ్గరికి తీసుకుని ఎరగదు. ఆ మొండితనం నాకూ వచ్చింది. కాకపోతే పో అనుకుని, పెళ్లయ్యేదాకా ఆమెతో ముక్తసరిగానే మాట్లాడాను.

డెబ్బైల మొదట్లో నాకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డ ఏడిస్తే గుండెదడ. ఎత్తుకోబుద్ధి కాదు. అన్నం సయించదు, ఊరికే కన్నీళ్లు. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. చివరికి మా ఆయన, సేలం నుంచి వారానికోసారి వచ్చే మనసు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె ఇచ్చే మాత్రలు తక్కువ, అడిగే ప్రశ్నలు ఎక్కువ. కూర్చుని మాట్లాడితే జబ్బు నయమవుతుందా అని నేను విసుక్కున్నాను. అయినా నాలుగో వారం తవుడు సంగతి బయటికొచ్చింది. నన్నెవరూ ఎత్తుకోలేదు, నా బిడ్డను నేనెట్లా ఎత్తుకోను అని ఏడ్చాను.

మరుసటి వారం ఆమె అమ్మను పిలిపించింది. అమ్మ బల్ల అంచున కూర్చుంది. "ఈమె మీ కూతురేనా?" అని డాక్టరమ్మ తమిళంలో అడిగింది. అమ్మ అలవాటుగా కాదని తల ఊపబోయి ఆగింది. నాకు ఒళ్లు మండింది.

"ఇక్కడ కూడానా?" అన్నాను.

భయం వేస్తే అమ్మకు తమిళం నోట రాదు. నావైపు తిరిగి తెలుగులోనే అంది. "నాది అంటే యముడు నిన్ను గూడా తీసుకపోతాడని ఇన్నేండ్లు నోరు కట్టుకోనుంటిని. నువ్వు నిద్రపోయినాంక పక్కన కూచోని చూసుకుంటా ఉంటిని."

డాక్టరమ్మకు తెలుగు తెలియదు, ఏమంటోందని నన్నడిగింది. నేను చెప్పేలోగా అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"ఆమెను అడుగు," అంది. "ఇప్పుడు నా బిడ్డ అని చెప్తే నీకేం కాదు గదా?"

నాకప్పుడు ఇరవై అయిదేళ్లు. ఆ ప్రశ్నను తమిళంలో అడగడానికి చాలాసేపు పట్టింది.