టూనీ వారి జమిలి బుట్ట

ఆ శుక్రవారం పొద్దున్న ఇనెజ్ టూనీ ఏటి మలుపు దగ్గరున్న తన వెదురు పొదలో కొత్త మోళ్లు లెక్కపెట్టింది. ఇరవై ఆరు. ఒక్కటీ తను నరికింది కాదు.

పొద ఆమె సొంతమేం కాదు. కాకపోతే తొమ్మిదేళ్లుగా దాని జాడ ఎవరికీ చెప్పలేదు. మొగుడు హోబర్ట్‌కి అసలే చెప్పలేదు, అతని నోట్లో నువ్వుగింజ నానదు. బుట్టకి మూడేళ్లు ముదిరిన గడలే పనికొస్తాయి. నరికిన మనిషికి ఆ సంగతి తెలుసు, లేతవాటి జోలికి పోలేదు. పైగా కోతలన్నీ ఎడమచేతి వాటం. బిగ్ కోవ్ ఊరు మొత్తంలో ఎడమచేత్తో వెదురు నరికేది ఒక్కతే, హోబర్ట్ అక్క వెస్టా టూనీ.

ఇనెజ్‌కి అరవై రెండేళ్లు. బడి వంటగదిలో పని. పదేళ్లప్పుడు తల్లి దగ్గర బద్ద చీల్చడం నేర్చుకుంది. అక్టోబరు జాతరలో బుట్టల పోటీకి ఆమె పేరు పడని ఏడాది ఈ పందొమ్మిదేళ్లలో లేదు. మోకాలి ఆపరేషనైనప్పుడు మంచం మీదే అల్లింది. ఈసారి చిన్న జమిలి బుట్ట మొదలుపెట్టింది. లోపలి గోడ అల్లుకుంటూ పైకి వెళ్లి, అంచు దగ్గర బద్దలు మడిచి, బయటి గోడ అల్లుకుంటూ కిందికి దిగాలి. లోపలిది అయింది. బయట చుట్టడానికి బద్దల్లేవు. గడువు సోమవారం మధ్యాహ్నం పన్నెండు.

పొదలో అలికిడైంది. చూస్తే వెస్టా, చేతిలో కత్తి. అడక్కముందే పుట్టగొడుగులకని వచ్చానంది.

“ఓక్ చెట్టు మొదట్లో మొలిచేవి వెదుళ్లలోకి ఎప్పుడొచ్చాయి వదినా?”

“మా తమ్ముడికి నువ్వు దొరకలేదూ? ఎక్కడ ఏది మొలుస్తుందో ఎవరు చెప్పొచ్చారు?”

ఎత్తిపొడుపులు అయ్యాక బేరం మొదలైంది. గడలు వెస్టా ట్రక్కులో ఉన్నాయి గానీ ఆమె బుట్ట ఇంకా అడుగైనా పడలేదు, మూడు రోజుల్లో అయ్యే పని కాదు. ఇనెజ్‌కి సగం బుట్ట ఉంది, గడల్లేవు. బయటి గోడ తనే అల్లుతానని, ఒప్పుకుంటేనే గడలు దింపుతానని వెస్టా తేల్చేసింది. ఇనెజ్ ఒప్పుకుంది.

రెండు రోజులూ పని ఇనెజ్ వంటింట్లోనే. ఇనెజ్ బద్దలు చీల్చి, గీకి, చెట్ల వేళ్లు ఉడకబెట్టి ఆ రంగు పట్టించింది. వెస్టా అల్లింది. అల్లిక గళ్లు తన గళ్లకి ఎదురుపక్కకి వాలుతున్నాయని ఇనెజ్ అంటే, బుట్ట బాగానే ఉంది, నువ్వే వాలి చూస్తున్నావంది వెస్టా. హోబర్ట్ చిక్కుడు గింజల రొట్టె వేడిచేసి బల్ల మీద పెట్టి, ఎవరి పక్షమూ మాట్లాడకుండా వాకిట్లోకి పోయాడు.

సోమవారం పన్నెండుకి పది నిమిషాల ముందు ఇద్దరూ జాతర ఆఫీసు బల్ల ముందు నిలబడ్డారు. పేర్లు రాసుకునే డెల్ఫీన్, కాగితంలో ఒక్క పేరుకే చోటుందని చెప్పింది.

“కనపడేదంతా నేనల్లిందే,” అంది వెస్టా.

“లోపలిది లేకపోతే నీ అల్లిక దేన్ని పట్టుకుని నిలబడేది?”

ఇనెజ్ పేరు రాయిస్తే వెస్టా బుట్ట చంకన పెట్టుకుని ఇంటికి పోయే మనిషి. వెస్టా పేరు రాయిస్తే ఏడాది పొడుగునా ఆ మాట వినాలి. పందొమ్మిదేళ్ల లెక్క తెగడం కన్నా అదే కష్టమనిపించింది ఇనెజ్‌కి.

“ఉత్త టూనీ అని రాసెయ్యి,” అంది.

“టూనీలు నలభైమంది ఉన్నారు పిన్నీ. ఏ టూనీ? మూడు నిమిషాలే ఉన్నాయి.”

వదినా మరదళ్లు మొహమొహాలు చూసుకున్నారు. ఇద్దరికీ అభ్యంతరం లేని పేరు ఒక్కటే తట్టింది.

హోబర్ట్ టూనీకి రెండో బహుమతి వచ్చింది. లోపల ఒకవైపు, బయట మరోవైపు వాలిన గళ్లు అరుదైన పనితనమని న్యాయనిర్ణేతలు రాశారు. జమిలి బుట్టలు కావాలని అతనికి ఇప్పటికి మూడు ఆర్డర్లొచ్చాయి. మూడింటికీ సరేనన్నాడు.