పెన్సిల్‌తో రాసే వైపు

మా మేడం పోయారన్న కబురు తార్నాక చౌరస్తాలో, ఆటోలో ఉండగా తెలిసింది. ఫోన్ చేసింది వాళ్ళ చెల్లెలు. "అక్క పోయిందమ్మా, పొద్దున పదింటికి. నీకు ముందు చెప్పుమన్నది" అని ఆవిడ ఏడుస్తుంటే నాకు మొదట దుఃఖం రాలేదు. భయం వేసింది. మళ్ళీ నాకు అది వస్తే ఇక ఎవరికి చెప్పుకోవాలి అనుకున్నాను. మేడం పోయిన పూట కూడా నా సంగతే చూసుకున్న మనిషిని నేను. ఈ మాట చెప్పడానికి సిగ్గుగానే ఉంది. కానీ మేడం ఉంటే, సిగ్గుపడటం తర్వాత, ముందు రాసుకో అనేవారు.

"అది" అంటే ఏమిటో చెప్పాలి. చెబితే మీలో సగంమంది నవ్వుతారు. మిగతా సగం నా ఫోన్ నంబరు అడుగుతారు. రెండూ నాకు అలవాటే.

అప్పుడు యూనివర్సిటీలో సైకాలజీ ఎం.ఎ. రెండో ఏడు చదువుతున్నాను. వేసవి మధ్యాహ్నం. హాస్టల్ గదిలో నాతో ఉండే అమ్మాయి ఊరికి వెళ్ళింది. మెస్సులో అన్నం తిని వచ్చి పడుకున్నాను. కళ్ళు తెరిచేసరికి గదంతా తెల్లటి వెలుగు. చెయ్యి ఎత్తుదామంటే లేవదు. మంచానికి కాళ్ళ వైపు ముగ్గురు నిలబడి ఉన్నారు. పొడుగ్గా, సన్నగా. కళ్ళు తప్ప మొహాల్లో ఇంకేమీ లేదు. ఛాతీ మీద బరువు. తర్వాత నన్ను పైకి లేపారు. సీలింగ్ ఫ్యాన్ నా చెవి పక్కనుంచి కిందికి వెళ్ళిపోవడం చూశాను. కాలిన వైరు వాసన. అరుద్దామంటే గొంతు రాదు. ఒళ్ళు మళ్ళీ నా మాట వినేసరికి గోడ గడియారంలో నలభై నిమిషాలు గడిచిపోయాయి. ఎడమ మణికట్టు మీద ఎర్రటి గీత ఉంది.

ఆ రోజుల్లో నేను ఫోన్‌లో వీడియోలు తెగ చూసేదాన్ని. వేరే గ్రహం వాళ్ళు మమ్మల్ని ఎత్తుకుపోయి మళ్ళీ దింపారని ఎక్కడెక్కడివాళ్ళో చెప్పుకునే వీడియోలు. వెలుగు, పొడుగాటి మనుషులు, గుర్తులేని సమయం, ఒంటి మీద గీత. అన్నీ సరిపోయాయి. నన్నూ తీసుకుపోయారు అని తేల్చేసుకున్నాను. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో మా ఇంటికి పోతే, మా అమ్మ ఇంకోలా తేల్చింది. "సైతాను పని బిడ్డా" అని పాస్టరు గారిని పిలిపించి తల మీద చెయ్యి పెట్టించి ప్రార్థన చేయించింది. ఆ పూట కాస్త నిద్రపోయాను. హాస్టల్‌కి రాగానే మళ్ళీ భయం. కళ్ళు మూస్తే వస్తారని కళ్ళు మూయడం మానేశాను. నాలుగో రోజు క్లాసులో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే కునికి, కేక పెట్టి లేచాను. అది మేడం క్లాసు.

ఆవిడ పాఠం ఆపలేదు. గంట అయ్యాక, "నా రూముకు రా" అన్నారు, అంతే.

రూములో దేవుడి పటం ముందు ఒక నందివర్ధనం పువ్వు ఉండేది. పొద్దున్నే క్యాంపస్‌లో నడుస్తూ కోసుకొచ్చేవారు. ఫ్లాస్కులోంచి అల్లం టీ పోసిచ్చారు. ఒక తెల్ల కాగితం తీసి నిలువునా మడిచి, మడత మీద బొటనవేలి గోరుతో పైనుంచి కిందికి గీశారు. బర్రుమని చిన్న చప్పుడు. తర్వాతి ఏళ్ళలో ఆ చప్పుడు ఎన్ని వందలసార్లు విన్నానో.

"ఎడమ దిక్కు పెన్నుతోని రాయి. ఏం కనపడ్డది, ఏం వినపడ్డది, ఏం వాసనొచ్చింది. పేర్లు పెట్టకు. గ్రహాంతరవాసులు, దయ్యాలు, సైతాన్లు ఏవీ వద్దు. పేర్లన్నీ కుడి దిక్కు. అది పెన్సిల్‌తోని. అది గూడ ఇయ్యాల కాదు, మూడు రోజులైనంక."

"మూడు రోజులు ఎందుకు మేడం?"

"మొదటి రోజు నీ భయం రాస్తది. రెండో రోజు నీకు వాళ్ళూ వీళ్ళూ చెప్పింది రాస్తవ్. మూడో రోజుకు నువ్వు మిగుల్తవ్."

రాసిచ్చాను. చదివారు. నా ఎడమ చెయ్యి పట్టుకుని చూసి, "వాచీ ఈ చేతికే పెట్టుకుంటవా? తలకింద పెట్టుకొని పడుకుంటవా?" అని అడిగారు. రెండూ నిజమే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత భయపడి చస్తుంటే ఈవిడ వాచీ పట్టీ అంటుందేమిటని.

తర్వాత మెల్లగా చెప్పారు. కలలు వచ్చేటప్పుడు మనం లేచి పరుగెత్తకుండా మెదడు ఒంటిని కట్టేసి ఉంచుతుందనీ, ఒక్కోసారి మెలకువ ముందే వచ్చేసి కట్లు విప్పడం ఆలస్యమవుతుందనీ, ఆ సందులో కల మన గదిలోకి వచ్చేస్తుందనీ. ఆ వాసన ఎక్కడిదని అడిగాను. ఆవిడ "తెల్వదు" అన్నారు. మూడో రోజు నా కాగితం మీద వాసనకు ఎదురుగా పెన్సిల్‌తో ఆ ఒక్క మాటే రాశారు. చిత్రంగా నాకు ధైర్యం వచ్చింది అక్కడే. అన్నీ తెలుసన్నవాళ్ళను అప్పటికే ఇద్దరిని చూసి ఉన్నాను, ఒకరు ఫోన్‌లో, ఒకరు మా ఇంట్లో.

అయినా ఊరుకునే రకం కాదు నేను. ఒకరోజు పువ్వు పెడుతుంటే అడిగేశాను.

"దేవుణ్ణి నమ్ముతరు గదా మేడం, ఆయన్నెవరు చూసిండ్రు? మరి నన్నెందుకు నమ్మరు?"

"దేవుడు నా మంచం కాడికి వచ్చిండని నేనెక్కడా పెన్నుతోని రాసుకోలేదు గదా" అన్నారు.

"అయితే పైన ఎవరూ లేరంటరా?"

"ఉండొచ్చు. అంత పెద్ద ఆకాశం, నాకేం ఎరుక? నీ హాస్టల్ గదికి వచ్చిండ్రా అన్నదే నా లొల్లి. నువ్వు భయపడ్డవు, అది పక్కా. ఎవరన్నా కాదంటే నాతోని మాట్లాడమను."

అమ్మ చేయించిన ప్రార్థనను నేనే వెక్కిరించబోతే మాత్రం కోప్పడ్డారు. "ఆ పూట నిద్ర పట్టిందా లేదా? పడితే అది గూడ ఎడమ దిక్కు రాయి. అది గూడ జరిగిందే."

అలా ఆవిడ దగ్గరే పరిశోధనకు చేరాను. ఇలాంటి అనుభవాలు చెప్పేవాళ్ళ దగ్గరికి పోయి రాసుకు రావడం నా పని. హాస్టల్ పిల్లలు, కాచిగూడ లాడ్జీల్లో దిగినవాళ్ళు, మా అమ్మ చర్చికి వచ్చేవాళ్ళు. కుడివైపు ఒకరిది దయ్యం, ఒకరిది జిన్ను, ఒకరిది చచ్చిపోయిన అత్త. ఫోన్ చూసే పిల్లలది ఆకాశం. ఎడమవైపు చదివితే మాత్రం అందరిదీ నా గదే. బరువు, కదలని చేతులు, ఎవరో ఉన్నారన్న భయం. చదువుతుంటే నవ్వు వచ్చేది కాదు. ఇంతమందీ ఒక్కొక్కరే ఇంత భయాన్ని దాచుకుని బస్సులెక్కి తిరుగుతున్నారా అని దిగులేసేది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. మా డిపార్ట్‌మెంట్ ఊడ్చే అక్క ఉండేది, లాలాపేట్ నుంచి వచ్చేది. ఒక పగలు పడుకుంటే ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టయిందనీ, గోడ మీద నీడ చూశాననీ చెప్పింది. నేను ఉత్సాహంగా కాగితం మడిచాను.

"ఎంతమంది ఉండెనక్కా? ముగ్గురా?"

అక్క ఆలోచించింది. "ఆఁ, ముగ్గురే ఉండొచ్చు చెల్లె."

"కళ్ళు పెద్దగ ఉండెనా?"

"ఆఁ. పెద్దగనే."

నా ముగ్గురినీ చూసిన ఇంకో మనిషి దొరికింది! మెదడు కట్లు, వాచీ పట్టీలు అన్నీ ఎగిరిపోయాయి. కాగితం పట్టుకుని మేడం దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ దారంతో మెడలో వేలాడే కళ్ళజోడు తీసి పెట్టుకుని చదివారు. "ముగ్గురని ఆమె చెప్పిందా, నువ్వు చెప్పినవా?" అన్నారు. నేను బుకాయించాను. వారం తిరిగేసరికి అక్క పనికి రావడం మానేసింది. ఇంటికి తాళం వేసి, పిల్లలను తీసుకుని తల్లిగారింటికి పోయిందట. తర్వాత ఒకసారి జీతం పని మీద వచ్చినప్పుడు చూస్తే కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. "ఆ ముగ్గురు రోజూ వస్తుండ్రు చెల్లె" అంది. అప్పటిదాకా ఆమెకు ఉన్నది ఒక్క నీడ.

మేడం తిట్టలేదు. ఎండ ఉన్నా లేకపోయినా వదలని గొడుగు తీసుకుని, "నడువు" అన్నారు. ఇద్దరం అక్క తల్లిగారింటికి వెళ్ళాం. పిల్లల ముందే చెప్పించారు నాతో.

"అక్కా, ఆ ముగ్గురు నావాళ్ళు. నీకు కనపడ్డది నీడ ఒక్కటే. నేనే నా నోటితోని వాళ్ళను నీ ఇంట్లకు తోల్కొచ్చిన."

అక్క నన్ను కిందికీ మీదికీ చూసింది. "మరి తోల్కపో" అంది. "మా ఇంట్ల జాగ లేదు."

మేడం ఆమె పక్కన కూర్చుని నీడ గురించి మళ్ళీ మొదటినుంచి అడిగారు. తర్వాత ఏమైంది? తర్వాత? అంతే, వేరే మాట లేదు. తిరిగి వస్తుంటే దారిలో అన్నారు, "నువ్వు అబద్ధమాడలే, ఆమె గూడ ఆడలే. అయినా ఇద్దరు గల్సి ముగ్గురిని పుట్టిచ్చిండ్రు. ఎత్తుకపోయిండ్రని చెప్పేటోళ్ళను దొంగలనొద్దు బిడ్డా. వాళ్ళను ముందుగాల ఎవరు ఏమడిగిండ్రో చూడు." ఆ ముగ్గురి గురించి నన్ను ఎవరు అడిగినా ఇప్పటికీ ఇదే చెబుతాను. అక్క నెల తర్వాత తన ఇంటికి పోయింది. నాతో మాట్లాడటానికి మాత్రం ఇంకో ఆరు నెలలు పట్టింది.

కొన్నేళ్ళకు మేడంకి జబ్బు చేసింది. అది ముదిరాక తార్నాకలో వాళ్ళింటికి మధ్యాహ్నాలు వెళ్ళి కూర్చునేదాన్ని. ఒకరోజు ఆవిడ నిద్రలోంచి కళ్ళు తెరిచి, తలుపు వైపు చూస్తూ బిగుసుకుపోయారు. ఆ మొహంలో భయం నేను ఎన్నడూ చూడలేదు. ఎవరూ లేరు మేడం అనబోయి ఆగాను. కాగితం తీసి మడిచాను.

"ఏం కనపడ్తుంది మేడం?"

పెదవులు కదలడానికి చాలాసేపు పట్టింది. "తలుపు కాడ... నిలబడ్డరు."

ఎంతమంది అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "తర్వాత?"

"భయమైతుంది బిడ్డా."

అది కూడా రాశాను, పెన్నుతో. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. తలుపు నా వీపు వెనక ఉంది. తల తిప్పితే చాలు. తిప్పలేదు. ఇంత చదివి, ఇంతమందివి రాసి, నేను ఆ తలుపు వైపు చూడలేకపోయాను.

మూడో రోజు పెన్సిల్ ఇచ్చాను. మందుల వల్ల కావచ్చు, జ్వరం వల్ల కావచ్చునని ఆవిడకు నాకంటే బాగా తెలుసు. అవేవీ రాయలేదు. "దేవుడని రాసుకోండి మేడం, ధైర్యంగుంటది" అన్నాను. ఆవిడ నవ్వారు. "ధైర్యం కోసం రాయొద్దు" అన్నారు. వంకర అక్షరాలతో, "తెల్వదు" అని రాశారు. ఆ తర్వాత వారానికి పోయారు.

దశదినం అయ్యాక ఇంటికి వచ్చి మధ్యాహ్నం పడుకున్నాను. మెలకువ వచ్చింది. చెయ్యి లేవలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత మళ్ళీ ఆ తెల్లటి వెలుగు. తలుపు దగ్గర ఎవరో ఉన్నారు. ఈసారి ముగ్గురు కాదు. కాగితం మడత మీద గోటితో గీసిన చప్పుడు, పైనుంచి కిందికి, స్పష్టంగా వినిపించింది. అది విని నాకు హాయి కలిగిందని రాయాలని ఉంది. కలగలేదు. చచ్చేంత భయం వేసింది.

మేడం చెల్లెలికి ఫోన్ చేసి చెబితే ఏడ్చేసింది. "అక్కనే వచ్చిందమ్మా. నీ కాగితం మీద అక్కనే అని రాయి" అంది. అలా రాస్తే ఈ భయం పోతుంది. ఆవిడ ఇంకా ఉన్నట్టూ ఉంటుంది. నాకు రాయాలనే ఉంది, దాచుకోవడం దేనికి?

ఇవాళ మూడో రోజు. పెన్సిల్ చెక్కుకుని కూర్చున్నాను. ఎడమవైపు నిండి ఉంది. కుడివైపు తెల్లగా ఉంది. కాగితం మళ్ళీ మడిచి, బొటనవేలి గోరుతో మడత మీద గీశాను. అదే చప్పుడు. పెన్సిల్ పక్కన పెట్టి, తల తిప్పి, తలుపు వైపు చూశాను.